జర్మనీ సారు

మొన్న జగిత్యాల డిగ్రీ కాలేజీలో నాకు పరీక్ష డ్యూటీ పడింది. నేను తెలుగు చెప్పేదాన్ని, ఆ పూట పేపరేమో ఎకనామిక్స్. పిల్లలు పక్కచూపులు చూడకుండా కాపలా కాయడం తప్ప పని లేదు కాబట్టి మిగిలిన ప్రశ్నాపత్రం ఒకటి ముందేసుకుని కూర్చున్నాను. చివరి ప్రశ్న చూసి, చదివిందే మళ్లీ చదివాను. 'ఆర్థిక సంక్షోభ కాలంలో వివిధ ఐరోపా దేశాలు కార్మికుల ఉపాధిని కాపాడేందుకు అనుసరించిన విధానాలను పోల్చి రాయండి.' హాలంతా ఒక చుట్టు తిరిగి చూశాను. ఒక్కరూ దాని జోలికి పోలేదు. రాయికల్ నుంచి వచ్చే ఒక పిల్ల నా చూపు కనిపెట్టి, "గది సిలబస్‌ల లేనే లేదు మేడం" అని నాకే ధైర్యం చెప్పింది.

సిలబస్‌లో లేకపోయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే బతుకుగా పెట్టుకున్న మనిషి ఒకాయన కోరుట్లలో ఉండేవాడు. పోయి చాలా ఏళ్లయింది. జ్వరాన్ని లెక్కచేయకుండా తిరిగి తిరిగి, చివరికి కరీంనగర్ తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. పిల్లలు ఆయనను జర్మనీ సారు అనేవాళ్లు. కోపం తెచ్చుకోవాల్సింది పోయి మురిసిపోయేవాడు. ఇంటికో పాస్‌పోర్టు ఉండే మా దిక్కున ఆయనకు పాస్‌పోర్టు కూడా లేదు. జర్మనీ దాకా ఎందుకు, బొంబాయి కూడా చూడలేదు.

కోరుట్ల జూనియర్ కాలేజీలో నేను రెగ్యులరు, ఆయన కాంట్రాక్టు. స్టాఫ్‌రూమ్‌లో కుర్చీ అంచు మీద కూర్చునేవాడు, ఎవరో వచ్చి లెమ్మంటారన్నట్టు. ఆ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోగా నేను ఒక్కనాడూ చూడలేదు. మనిషి పొడుగు, చొక్కా ఎప్పుడూ పొట్టి. చంకలో గుండ్రంగా చుట్టిన ఐరోపా మ్యాపు. ఆ మ్యాపు కాలేజీ బీరువాలో చెదలు పట్టబోతుంటే ప్రిన్సిపాల్‌ను బతిమాలి తీసుకున్నాడట. అందులో సోవియట్ యూనియన్ ఇంకా చెక్కుచెదరకుండా ఉంది, జర్మనీలు రెండున్నాయి. ఆ రెంటి నడుమ గీత మీద ఈయన తెల్లకాగితం ముక్క అతికించి ఒకటి చేశాడు.

"సారూ, ఆళ్లేమో కలిసిన్రు. మనమేమో ఇడిపోతమని కొట్లాడుతున్నం. ఎవలది కరెక్టు సార్?" అని పిల్లలు ఆట పట్టించేవాళ్లు.

"ఇష్టమున్నోళ్లు కలుస్తరు, కష్టమైనోళ్లు ఇడిపోతరు. గిండ్ల తప్పేమున్నదిరా?" అనేవాడు. క్లాసు గొల్లుమనేది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. బస్టాండు దగ్గర జేఏసీ టెంటు వేశారు. రోజుకొక సంఘం వాళ్లు పొద్దున కూర్చుని సాయంత్రం నిమ్మరసం తాగి లేచే రిలే నిరాహార దీక్షలు. కాలేజీ నెలలో సగం రోజులు బందు. మాకు పాఠాలు లేవు గానీ ఆయనకు మాత్రం ఉన్నాయి. మ్యాపు తీసుకుపోయి టెంటు గుంజకు తగిలించేవాడు. మైకు ఖాళీగా దొరికితే చాలు, డెన్మార్కు నుంచి మొదలుపెట్టేవాడు. పాట పాడదామని డప్పుతో వచ్చిన పిల్లలు తలలు పట్టుకునేవాళ్లు. ఒకసారి బందోబస్తుకు వచ్చిన ఎస్సై ఆ మ్యాపు వంక అనుమానంగా చూసి, "ఇందులో తెలంగాణ ఎక్కడుంది?" అని అడిగాడు.

"ఇంక రాలే సార్. వస్తది," అన్నాడు ఈయన, వినయంగా.

ఈ ఐరోపా పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే వరంగల్‌లో. పీహెచ్‌డీకి పోతే గైడు బీడీ కార్మికుల మీద రాయమన్నాడు. రాయికల్ పక్క పల్లె నుంచి వచ్చిన కూలీల బిడ్డ, తల్లి బీడీలు చేసింది, భార్య బీడీలు చేస్తుంది, ఈయన కన్నా ఎవరు రాస్తారు? ఈయన వినలేదు. "మా కష్టం మాకు ఎరుకే గద సార్. దాని మీద పుస్తకం ఎందుకు? కష్టం అచ్చినప్పుడు కడమోళ్లు ఏం జేసిన్రో అది తెల్వాలె. తెలిస్తెనే గద అడుగుతం," అన్నాడట. గైడు దండం పెట్టాడు. ఆ పీహెచ్‌డీ పూర్తి కాలేదు గానీ పిచ్చి మాత్రం పూర్తిగా ముదిరింది.

అప్పటికి అమెరికాలో బ్యాంకులు కూలాయని పేపర్లో చదివి మేమంతా మర్చిపోయాం. మర్చిపోనివ్వలేదు దుబాయి. అక్కడ బిల్డింగులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా దిక్కు మగవాళ్లు ఒక్కొక్కరే పెట్టెలు నెత్తిన పెట్టుకుని బస్సు దిగడం మొదలైంది. అమ్మ పోయిందనో, మోకాలు నొప్పనో ఒక సాకు చెప్పేవాళ్లు. తీసేశారని చెప్పడానికి నామోషీ. జర్మనీ సారు వాళ్లను వదిలేవాడు కాదు. టెంటు పక్క హోటల్లో కూర్చోబెట్టి చాయ్ చెప్పి, చాయ్‌తోనే పాఠం చెప్పేవాడు.

"ఇగో చూడుండ్రి. మనం నలుగురం అచ్చినం. చాయ్ రెండు కప్పులదే ఉన్నది. స్పెయిన్ల ఏం జేస్తరు? ఎనుక అచ్చిన ఇద్దర్ని లేవుమంటరు. డెన్మార్కుల సుత లేపుతరు, కని ఉత్తగ లేపరు. చేతిల ఖర్చులకు పెట్టి, ఇంకో పని నేర్పి, ఇంకో హోటల్ కాడికి తోలిచ్చి అస్తరు. జర్మనీల ఎవ్వల్ని లేపరు. నలుగురికి సగం సగం పోస్తరు. కడమ సగంల చానమట్టుకు సర్కారు పోస్తది."

"సర్కారెందుకు పోస్తది సార్? దాని అయ్య సొమ్మా?" అని హోటలాయన.

"పని మంచిగున్ననాడు వాళ్లందరు కట్టిపెట్టిన పైసలే. కష్టమొచ్చినప్పుడు మళ్ల వాళ్లకే. అది బిచ్చం గాదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు వేరుగా ఉండేది. బిచ్చం కాదు అన్న మాట దగ్గర కప్పు బల్ల మీద పెట్టేవాడు.

ఒకసారి సారుతో కలిసి వాళ్లింటికి పోయాను. భార్య చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మా ఇద్దరినీ చూసి, "అచ్చిన్రా జర్మనోళ్లు," అంది. "మేడం, జర మీరన్న చెప్పుండ్రి. మా కంపెనోడు నెలల సగం దినాలే ఆకు ఇస్తున్నడు. ఎవ్వల్ని తీసెయ్యలే, అందరికి సగం పని. మాది ఎన్నడో జర్మనీ అయ్యింది. మరి కడమ సగం పోసే సర్కారేది?" చేతులు ఆగకుండానే అడిగింది. ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఇక నేను చెప్పవలసింది మా అన్న సంగతి. మాది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. సేటు నూలు ఇస్తాడు, అన్న ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచాల మీద బట్ట నేయించి సేటుకు అప్పజెబుతాడు. ఇలా నడుమన ఉండే మనిషిని మా ఊళ్లో ఆసామి అంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అన్న దగ్గర పగటి పాళికి ముగ్గురు, రాత్రి పాళికి ముగ్గురు కార్మికులు. వారం తిరిగితే పగటివాళ్లు రాత్రికి, రాత్రివాళ్లు పగటికి మారతారు. బట్టకు గిరాకీ పడిపోయి సేటు నూలు సగానికి తగ్గించాడు. రాత్రి పాళి బంద్ పెట్టి ముగ్గురిని మానిపిస్తానని అన్న ఫోన్ చేశాడు. స్టాఫ్‌రూమ్‌లో ఆ మాట నేను ఊరికే, బాధకొద్దీ అన్నాను. జర్మనీ సారు కుర్చీ అంచు మీంచి లేచి నిలబడ్డాడు.

"మేడం, ఆగుమనుండ్రి. ఒక్క దినం ఆగుమనుండ్రి," అన్నాడు.

మర్నాడు కాలేజీ బందు. కోరుట్లలో వేములవాడ బస్సెక్కి, అక్కడ మారి, సిరిసిల్ల పోయాం. దారి పొడుగునా మ్యాపు ఒళ్లో పెట్టుకుని పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. నాకు లోపల భయం, అన్న ఎక్కడ కసురుతాడోనని. అన్న కసరలేదు. మోటరు బంద్ పెట్టి, ఆరుగురినీ పిలిచి కూర్చోబెట్టాడు. వదిన చాయ్ తెచ్చింది. ఆ చాయ్‌తోనే ఈయన పాఠం మొదలుపెట్టాడు.

ఆ ఆరుగురిలో అందరికన్నా పెద్దవాడు రాజమల్లు. అందరికన్నా వెనక వచ్చినవాడు నర్సయ్య. కోనరావుపేట మనిషి. దుబాయిలో సైటు మూతపడితే వచ్చి, చిన్నప్పుడు నేర్చిన పని గుర్తు తెచ్చుకుని అన్న దగ్గర చేరాడు. ఇద్దరు బిడ్డలు, ఇద్దరూ బడికి పోతున్నారు. స్పెయిన్ ముచ్చట అయ్యేసరికి నర్సయ్య తనే లేచి నిలబడ్డాడు.

"అన్నా, నన్ను తీసెయ్యిండ్రి. నేను ఎనుకొచ్చినోన్ని. గీ పెద్దమనుషుల కూడు నేనెందుకు చెడగొట్టాలె?"

"కూసో నర్సయ్యా. ఇది స్పెయిన్ గాదు," అన్నాడు జర్మనీ సారు. "అందరు ఉంటరు. ఒక వారం ముగ్గురు, ఒక వారం ముగ్గురు. సగం సగం. నూలు మంచిగయ్యేదాక. ఈలోపల కడమ సగం కోసం సర్కారును మనం అడుగుదాం. ఉద్యమం నడుస్తున్నది, మన మాట ఇనే దినాలు ఇవి."

కార్మికులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు రాజమల్లు లేచి స్విచ్చుబోర్డు మీద వేలాడే మార్కండేయుడి పటం ముందు నిలబడ్డాడు. మా పద్మశాలీలకు ఆయన కులదైవం. షెడ్డులో ఏ పేచీ వచ్చినా చివరికి ఆ పటం ముందే తెగుతుంది.

"గట్లయితే మాట దేవుని ముంగట అనుకుందాం. నూలు మళ్ల నిండుగ అచ్చేదాక ఎవ్వలు ఎవ్వల్ని ఇడ్శిపోవద్దు. ఒకడు పోతె వాని కూడు కడమోళ్లం తిన్నట్టే. సరేనా?"

ఒక్కొక్కరే పోయి పటానికి చెయ్యి ఆనించి వచ్చారు. నర్సయ్య కళ్లు తుడుచుకుంటూ పోయి ఆనించాడు. జర్మనీ సారు చర్చికి పోయే మనిషి. ఆయన కూడా లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. బయటికొచ్చాక, "మేడం, జర్మనీల చట్టం వెట్టిన్రు. చట్టం కన్న గట్టిది గీ మాట," అన్నాడు. అక్కడ ఆ ఏర్పాటు ఇన్ని నెలలని ఒక గడువు ఉంటుందట. గడువు తీరితే ఎవరి దారి వారిది. దేవుడి ముందు అనుకున్న మాటకు గడువెవరు పెడతారు? ఆ సంగతి ఆ పూట ఆయనకు తట్టలేదు, మాకెవరికీ తట్టలేదు.

మరునాడు టెంటులో మైకు పట్టుకుని, సిరిసిల్లకు జర్మనీ వచ్చిందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. డప్పు పిల్లలు కూడా కొట్టారు.

కొన్ని వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత నుంచి అన్న ఫోన్లలో నవ్వు తగ్గింది. మీటరు లెక్కన కూలి కాబట్టి సగం పని అంటే కచ్చితంగా సగం కూలే. పని లేని వారం ఏ హమాలీకో పోదామంటే హమాలీల అడ్డాలో అప్పటికే మనుషులు నిండిపోయారు. సిరిసిల్ల మున్సిపాలిటీ కాబట్టి పల్లెల్లో ఉండే ఉపాధి హామీ కరువు పని అక్కడ లేదు. రాజమల్లు ఇంట్లో పొద్దటి పూట చాయ్ మానేశారని వదిన చెప్పింది. ముగ్గురిని తీసేసి ఉంటే ముగ్గురి ఇళ్లలోనైనా పొయ్యి నిండుగా మండేదని ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ మాట ఆ షెడ్డులో అందరికీ తెలుసు.

పని లేని వారం సిరిసిల్ల టెంటులో కూర్చోమని జర్మనీ సారే వాళ్లకు సలహా ఇచ్చాడు. నలుగురి కంట పడితే సర్కారు కదులుతుందని ఆయన ఆశ. రాజమల్లు బుద్ధిగా పోయి దండ వేసుకుని కూర్చున్నాడు. మేం పోయినప్పుడు ఎట్లా ఉందని సారు అడిగితే, "మంచిగనే ఉన్నది సారూ. ఇంట్ల కూసుంటె ఉత్త పస్తు. ఈడ కూసుంటె ఉద్యమం," అన్నాడు. ఇందులో వెటకారం ఎంతో, నిజం ఎంతో ఆయన మొహం చూసి నేను కనిపెట్టలేకపోయాను.

సోమవారం సోమవారం కరీంనగర్‌లో అధికారులు జనం మొరలు వినేవాళ్లు. జర్మనీ సారు ప్రతి సోమవారం పోయాడు. రెండుసార్లు తోడుగా నేనూ పోయాను. ఒక పెద్దాయన, పాపం మంచివాడే, కూర్చోబెట్టి అంతా విన్నాడు. మ్యాపు కూడా చూశాడు. తర్వాత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"సార్, మీరు చెప్పేది నాకు అర్థమైంది. కానీ ఏ స్కీము కింద ఇవ్వాలి? నేతకార్మికుడు చనిపోతే కుటుంబానికి ఇవ్వడానికి జీవో ఉంది. బతికుండి సగం పని చేసేవాడికి ఇవ్వడానికి ఏమీ లేదు."

జర్మనీ సారు లేచాడు. మ్యాపు చుట్టబోతే అది చేతుల్లో నిలవక విప్పుకుపోయింది. నేను పట్టుకుంటే చుట్టాడు. మెట్లు దిగుతూ, "ఆయన అబద్ధం చెప్పలే మేడం," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అధికారి మీదా కాదు, ఈయన మీదా కాదు. ఎవరి మీద మండాలో తెలియని మంట అది, ఇప్పటికీ చల్లారలేదు.

ఆపైన సకల జనుల సమ్మె వచ్చింది. బడులు, బస్సులు, ఆఫీసులు అన్నీ బందు. బొగ్గు ఆగింది కాబట్టి కరెంటు కోత పెరిగింది. కరెంటు లేకపోతే సాంచా కదలదు. ఉన్న సగం పని కూడా పావు అయింది. షెడ్డులో ఒక్కరు కూడా సమ్మెను తప్పు పట్టలేదు. మన రాష్ట్రం వస్తే మన కష్టం తీరుతుందని రాజమల్లు అందరికన్నా గట్టిగా అనేవాడు. మా అన్న మాత్రం ఒకసారి ఫోన్లో, కోపంగా కూడా కాదు, అలిసిపోయి అన్నాడు.

"చెల్లే, మీ సారుకు చెప్పు. సగం పని ఈడికి తెచ్చిండు గని, కడమ సగం జర్మనీలనే మరిచి అచ్చిండు."

నేను ఆ మాట ఆయనకు చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. ఆయన అప్పటికే మైకు దగ్గరికి పోవడం మానేశాడు. టెంటులో చివరి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టే చోట కొట్టేవాడు. మ్యాపు గుంజకు వేలాడుతూనే ఉండేది గానీ, దాని వైపు చూసేవాడు కాదు.

సమ్మె ముగిశాక నర్సయ్య కోరుట్ల వచ్చాడు. నేను, జర్మనీ సారు హోటల్లో ఉన్నాం. నర్సయ్య కూర్చోమన్నా కూర్చోలేదు. గడ్డం మాసింది, మెడలో తువాల రెండు చేతులా పట్టుకున్నాడు. ఖతర్ నుంచి తోడల్లుడు వీసా పంపాడట. వారంలో పోవాలి, లేకపోతే ఇంకొకరికి పోతుంది.

"మంచిదే గద నర్సయ్యా. మరి పో," అన్నాను నేను.

"ఎట్ల పోతనక్కా? దేవుని మీద చెయ్యేసిన. ఇంట్లామె వద్దే వద్దంటున్నది. మాట తప్పి ఇమానం ఎక్కుతె ఆడ ఏమన్న అయితదని బుగులు వడుతున్నది. రాజమల్లన్న సుత నా కోసం సగం తిని సగం పస్తు పండిండు. గాయన మొకం జూసి నేను పోతున్న అనుడు నాతోని గాదు." అని సారు వైపు తిరిగాడు. "సారూ, మీరే తీసెయ్యిండ్రి నన్ను."

జర్మనీ సారుకు అర్థం కాలేదు. "తీసేసుడేంది?"

"నేనే పోతె మాట తప్పినట్టు. మీరు తీసేస్తె తప్పినట్టు గాదు. గా మాట వెట్టిచ్చింది మీరే గద. మీరంటె ఎవ్వలు కాదనరు."

"ఎవ్వల్ని తీసెయ్యద్దనే గద నర్సయ్యా గిదంత వెట్టింది."

"ఎరుకే సారూ. గందుకే మీ కాడికే అచ్చిన."

దుబాయిలో ఒకసారి తీసేసి పంపిన సంగతి ఆయన గుర్తు చేశాడు. ఖతర్‌లో మాత్రం తీసేయరని నమ్మకమేంటి, అక్కడ నిన్ను పట్టించుకునే చట్టం ఏముంది, ఇంకొన్నాళ్లు ఆగితే నూలు వస్తుంది కదా అన్నాడు. నర్సయ్య తల ఊపుతూ అంతా విన్నాడు.

"ఆడ తీసేస్తె ఒక్కటేపారి మొత్తం తీసేస్తరు సారూ. ఈడ సగం సగం తీసేస్తున్నరు. బిడ్డలు చిన్నగున్నరు. జర అర్థం చేసుకోండ్రి."

జర్మనీ సారు కప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. చివరికి, "సరే" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ శనివారం మళ్లీ సిరిసిల్ల పోయాం. మ్యాపు తేలేదు. షెడ్డులో కరెంటు లేదు, సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. వారం కూలి తీసుకోవడానికి ఆరుగురూ వచ్చి ఉన్నారు. అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు, వదిన గుమ్మంలో. ఏం చెప్పాలో ఈయన బస్సులో చాలాసేపు తయారు చేసుకున్నాడు, పెదవులు కదులుతుంటే నేను చూశాను. సంక్షోభం గురించి, దేశాల గురించి, ఇన్నాళ్లు వాళ్లు నిలబెట్టుకున్న మాట గురించి ఏదో పెద్దగానే అనుకుని ఉంటాడు. తీరా లేచి నిలబడ్డాక ఒక్క ముక్కే వచ్చింది.

"నర్సయ్యను తీసేద్దామనుకుంటున్న."

చెప్పి, ఆగాడు. ఎందుకు ఏమిటని వాళ్లు అడగాలి కదా. ఆయన ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. నేనూ చూశాను. వీసా సంగతి వాళ్లెవరికీ తెలియదు, నర్సయ్య ఎవరికీ చెప్పలేదు. వాళ్లకు తెలిసిందల్లా, తమ కూట్లో పాలు పంచుకుంటున్న ఒక మనిషిని ఈ సారు ఉన్నపాటున వద్దంటున్నాడని మాత్రమే. ఒకతను వంగి కిందపడ్డ నూలు కండె తీసి, దానికంటిన దూది ఊడదీయసాగాడు. ఇంకొకతను బయట వాన వస్తుందా అన్నట్టు రేకుల కేసి చూశాడు. రాజమల్లు తన అరచేతులు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకుని తల ఎత్తాడు.

"మీరు పెద్దలు సారూ. మీరు అన్నంక మేం కాదంటమా?"

ఆ మాట ఎంత మర్యాదగా అన్నాడో. మిగిలినవాళ్లు తలలూపారు. ఎవరి గుండెల్లోంచో ఒక ఊపిరి బయటికి వచ్చింది. అది దుఃఖపు ఊపిరి కాదు. వదిన మొహం తిప్పుకుని లోపలికి పోయింది.

నర్సయ్య మేకుకు వేలాడుతున్న తన పని లుంగీ తీసి మడిచి చంకలో పెట్టుకున్నాడు. వచ్చి వంగి జర్మనీ సారు కాళ్లకు దండం పెట్టాడు. "మీ మేలు మరువ సారూ," అన్నాడు. ఆయన వెనక్కి జరగబోయి సాంచా తగిలి ఆగిపోయాడు.

బస్టాండులో వేములవాడ బస్సు ఆలస్యమైంది. సిమెంటు బల్ల మీద, అదే అలవాటుగా, అంచున కూర్చున్నాడు. నేను ఏదో ఒకటి అనాలని, మంచే జరిగింది సార్, వాడు ఇద్దరు బిడ్డలను సాదుకుంటాడు, ఇక్కడ ఐదుగురికీ పని కొంచెం పెరుగుతుంది, ఎవరికీ నష్టం లేదు కదా అన్నాను. ఆయన తలూపాడు. నేను చెప్పిందాంట్లో తప్పేమీ లేదని ఆయనకు తెలుసు. లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంది.

బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆయన లేవలేదు.

"ఒక్కడన్న వద్దంటడనుకున్న మేడం," అన్నాడు.